ఎడమ పక్క జాగ లస్మవ్వది

దేవుని సన్నిధిలో, తెలిసి రాస్తున్నది.

మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట నివాసిని, కీర్తిశేషులు ఆసంపెల్లి రాజయ్య, ముత్యం దంపతుల పెద్ద కూతుర్ని, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్న దాన్ని, అవివాహితను, ఆసంపెల్లి సుగుణ అను నేను, వయస్సు 58 సంవత్సరాలు, నా ఆస్తి గురించీ నా మట్టి గురించీ రాయించక స్వయంగా రాసుకున్న వీలునామా ఇది. వచ్చే నెల కరీంనగర్‌లో నాకు గుండె ఆపరేషన్ ఉంది. ఫలితం దేవుని చేతిలో ఉంది. నా బుద్ధి మాత్రం నా దగ్గరే ఉంది. ఈ పొద్దున కీర్తన చదువుకున్నాను, ముగ్గురు పసిపిల్లలకు టీకాలు వేశాను, ఆ తరువాత ఈ కాగితం ముందు కూర్చున్నాను. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలడానికి మా ఇంటి గడప ఎవరూ తొక్కలేదు కూడా. ఇదివరకు నేను వేరే వీలునామా రాయలేదు. నా పేరుతో ఇంకో కాగితం బయటపడితే అది నాది కాదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఇద్దరికి అప్పగిస్తున్నాను. ఒకరు మా ఊరిలో రాళ్ళు చెక్కే అజీముద్దీన్. రెండో మనిషి నా చెల్లెలు జమున కూతురు వందన. అజీముద్దీన్ మా చుట్టం కాదు, మా చర్చి సంఘం వాడు కాదు. అందుకే అతన్ని పెట్టాను. సొంత తమ్ముడు ఉండగా బయటివాడు ఎందుకని అడిగేవాళ్ళు మూడో అంశం చదవాలి.

2. నాకున్న స్థిరాస్తి ఒక్కటే. లక్సెట్టిపేటలో నా జీతంతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు, దాని పక్క నుంచి వెనక్కి పోయే ఐదడుగుల దారి. హద్దులు: తూర్పున రోడ్డు, దక్షిణాన ఖాళీ స్థలం, ఉత్తరాన చర్చి గోడ, పడమట నా తమ్ముడు సాగర్ నడిపే ‘క్లారా అమ్మ సేవా ట్రస్టు’ భవనం. ఆ భవనానికి రోడ్డు లేదు. నా దారి మీదుగానే పోవాలి. ఈ సంగతి అందరికీ గుర్తుండాలి.

3. పంపకానికి ముందు ఒక ఇంటి చరిత్ర రాయాలి. మా ఇంటిది కాదు, క్లారా అమ్మగారిది. ఎందుకంటే సాగర్ దాన్ని తప్పుగా చెప్పి ట్రస్టు నడుపుతున్నాడు.

క్లారా అమ్మగారు మా ఊరి మిషన్ దవాఖానలో నర్సు. 1934లో అమెరికా నుంచి వచ్చింది. 1971లో ఇక్కడే పోయింది. చర్చి వెనుక సమాధుల తోటలో ఉంది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నా జ్వరం చూడడానికి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి చూపుడు వేలి కొస లేదు. ఆమె గురించి నాకు సొంతంగా తెలిసింది అంతే.

మా అమ్మమ్మ లస్మవ్వ ఆ దవాఖానలో బట్టలు ఉతికేది. పురుటి దుప్పట్లు, గాయాల కట్లు, అన్నీ. ముప్పై ఏడేళ్ళు ఉతికింది.

సాగర్ దుబాయి నుంచి వచ్చి ట్రస్టు పెట్టి, గేటు మీద ఫ్లెక్సీ కట్టించాడు. దాని ప్రకారం అమ్మగారు జర్మనీ జమీందారుల బిడ్డ. కోట, గుర్రాలు వదులుకొని వచ్చింది. పసిబిడ్డను కాపాడబోయి పులి నోట్లో వేలు పోగొట్టుకుంది. మా అమ్మమ్మ ఆమె దత్తపుత్రిక. కాబట్టి సాగర్ దొరసాని మునిమనుమడు. అమ్మమ్మకు ఆమె కన్నా పదేళ్ళే తక్కువ. ఆ లెక్క ఎవరూ చూడలేదు.

కొత్తగా గ్రానైటు సమాధి కట్టించాలని 2019లో సాగర్ అనుకున్నాడు. రాయి మీద రాయడానికి అమ్మగారి ఇంటిపేరు కావలసి వచ్చింది. ఊరిలో ఒక్కరికీ తెలియదు. పాత రాయి తలదగ్గర ఉంది గాని, దాని మీద ఏమీ కనబడదు. మా దగ్గర ఈస్టర్‌కు ముందు ప్రతి ఏడూ సమాధులకు సున్నం వేస్తాం. పండుగనాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పెడతాం. అమ్మగారి మీద ప్రేమ కొద్దీ రాయిని కూడా వదలకుండా నలభై ఎనిమిదేళ్ళు సున్నం వేశాం. రాయి తెల్లటి దిమ్మె అయింది.

అజీముద్దీన్‌ను అడిగాను. “అక్కా, చెక్కిన అక్షరం యాడికీ పోదు. గీకి సూడు,” అన్నాడు. అన్నం తినే స్పూను తీసుకుపోయి నాలుగు ఆదివారాలు ఆరాధన అయ్యాక గీకాను. మొదట పేరు వచ్చింది: క్లారా రీడెల్, నర్సు. తరువాత ఊరు వచ్చింది: హార్బెక్, విస్కాన్సిన్. అట్టడుగున, నాచు పట్టే చోట, తెలుగులో ఒక వరుస వచ్చింది: ‘ఎడమ పక్క జాగ లస్మవ్వది.’

ఎడమ పక్కన ఈ రోజుకీ ఏమీ లేదు. గడ్డి ఉంది. మా అమ్మమ్మేమో తోట చివర, గోడ కింద, రాయి లేకుండా ఉంది.

సాగర్‌ను పిలిచి చూపించాను. అతను వంగి చదివి, లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. “అక్కా, గిది సూశింది నువ్వొక్కదానివే గద. ఫికర్ జేయకు. గా ఎడమ పక్క మెట్లు వస్తున్నయ్, ఫారిన్ వాళ్ళు వచ్చినప్పుడు దండలేసేటందుకు,” అన్నాడు. మరుసటి రోజు నేను పోయేసరికి రాయికి మళ్ళీ సున్నం ఉంది. రెండు చేతులు వేశాడు. నలుగురు పిల్లలున్న ఇంట్లో కూడా గోడకు ఒక చెయ్యి, ఒక్క పూతే, వేస్తారు.

అయితే ముందు ఆదివారమే వందన తన ఫోనులో ఫొటో తీసింది. అది ఆమె దగ్గర ఉంది, నా దగ్గర ఉంది, అజీముద్దీన్ దగ్గర ఉంది.

4. ఇంటిపేరు, ఊరు దొరికాక వెదకడం మొదలుపెట్టాను. కరీంనగర్ ల్యాబులో పనిచేసే వందన సెలవు రోజుల్లో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది. ఓడ ఎక్కిన వాళ్ళ జాబితాలు, జనాభా లెక్కల కాగితాలు, చర్చి బాప్తిస్మం పుస్తకాలు, అన్నీ ఆ దేశం వాళ్ళు దాచి పెట్టుకున్నారు. మేము ఒక్క రాయిని దాచుకోలేకపోయాం. “పెద్దమ్మా, గీ రీడెల్‌లు కుప్పలు కుప్పలున్నరు, అందరి మొగోళ్ళ పేర్లూ గవే మూడు పేర్లు,” అని విసుక్కునేది. విసుక్కుంటూనే రెండేళ్ళు వెదికింది.

దొరికినది ఇది. అమ్మగారి తల్లి పేరు రోజీనా. జర్మనీలో కూలీల ఇంట్లో పుట్టింది. మొగుణ్ణి తోళ్ళ కార్ఖానా మింగాక, నేలమాళిగలో తొట్లు పెట్టుకొని ఊరివాళ్ళ బట్టలు ఉతికింది. జనాభా లెక్కలో ఆమె పేరు ఎదురుగా ‘చాకలి పని’ అని రాసి ఉంది. క్లారా పదమూడో ఏట మేజోళ్ళ మిల్లులో చేరింది. మేజోడు కొసలు కలిపే యంత్రం మీద పని. పదిహేనో ఏట ఆ యంత్రంలో వేలి కొస పోయింది. పులి కాదు. ఆ తరువాత పగలు మిల్లులో, సాయంత్రం బడిలో ఉండి నర్సు చదువు చదివింది. కోట లేదు, గుర్రాలు లేవు. మేము దొరసాని అన్న మనిషి చాకలామె బిడ్డ.

అమ్మగారి చెల్లెలి మనుమరాలు ఎల్సా ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. కిరాణా దుకాణంలో బిల్లులు కొడుతుంది. నేను రాసిన మొదటి ఉత్తరానికి ఆమె జవాబు నాకు నోటికి వచ్చు: ‘మీ తమ్ముడు ఇదివరకే రాశాడు. మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. దయచేసి ఇక అడగకండి.’ మూడు రోజులు నేను ఆ కాగితం బైబిల్లో పెట్టి ఊరుకున్నాను. తరువాత రాశాను: ‘మాకేమీ వద్దు. ఆమె తల్లి ఏం పని చేసేదో చెబితే చాలు.’ దానికి ఎల్సా ఒక పెట్టెడు ఉత్తరాల నకళ్ళు పంపింది. అమ్మగారు చెల్లెలికి జర్మన్‌లో రాసినవి. ఎల్సాకు జర్మన్ రాదు. అక్కడి ముసలాయన ఒకరు ఇంగ్లీషు చేసి ఇచ్చాడు. వందన తెలుగు చేసింది. అందులో 1935 నాటిది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

‘ఇక్కడ బట్టలు ఉతికే ఆమె పేరు లస్మవ్వ. మొదటిరోజు నా దుప్పటి నేనే పిండుకుంటుంటే వచ్చి చేతిలోంచి లాక్కుంది. ఏదో తిట్టింది. నాకు భాష రాదు గనుక రెండో కొస పట్టుకొని, అమ్మ నేర్పినట్టు అటువైపు మెలి తిప్పాను. ఆమె ఆగి నా చేతుల వైపు చూసింది. వేలు వైపు కాదు, చేతుల వైపు. ఆ రోజు నుంచి పెద్ద దుప్పట్లు ఇద్దరం కలిసే పిండుతున్నాం.’

చివరి ఉత్తరాల్లో ఒకటి: ‘నా పక్కన లస్మవ్వకు జాగ అడిగాను. సంఘం పెద్దలు నవ్వి ఊరుకున్నారు. అందుకని నా రాయి ముందే చెక్కిస్తున్నాను, అందులో రాయిస్తున్నాను. నేను పోయాక తేదీ ఒక్కటే కలుపుతారు. రాతిని ఎవరు చెరుపుతారు?’

ఎవరూ చెరపలేదు. తెల్లగా ఉంచాం.

5. నా తమ్ముడు సాగర్‌కు: బాపు శ్రీరాంపూర్ బొగ్గు బాయిలో పనికి పనికిరాడని డాక్టర్లు రాసినప్పుడు వారసుని ఉద్యోగం నీకు రావాలని నేను సంతకం పెట్టాను. నాలుగేళ్ళలో దాన్ని వదిలి దుబాయి పోయావు. ఆ సంగతి నేను మనసులో పెట్టుకోలేదు. రాయి మీద నువ్వు వేసిన రెండో చెయ్యి సున్నం మాత్రం మనసులో పెట్టుకున్నాను. నీకు నేను ఇచ్చేది ఆ గీకిన స్పూను. ఒక పక్క అరిగి ఉంటుంది. బీరువా మొదటి అరలో ఉంది. దారి విషయం ఎనిమిదో అంశంలో ఉంది, చదువుకో.

6. నా చెల్లెలు జమునకు: అమ్మగారు పోయాక ఆమె ఇనుప పెట్టె మన అవ్వ ముత్యం దగ్గరికి వచ్చింది. అవ్వ పోయాక 2011లో మందమర్రిలో నీ ఇంటికి పోయింది. పెట్టె పాత ఇనుము కింద అమ్ముకున్నావు. అందులోని కాగితాలతో నీళ్ళు కాగబెట్టావు. “సమజ్ గాని రాత అక్కా, ఎవలు సదువుతరు?” అన్నావు. ఆ దేశం నుంచి ఆమెకు వచ్చిన జవాబులన్నీ అవే. ఆమె మాటలే మిగిలాయి, ఆమెకు ఎవరేమన్నారో పోయింది. నా రాగి బాయిలరు నువ్వు తీసుకో. నీకు దాని పని బాగా తెలుసు. కోపంతో రాయలేదు. నీ మోకాళ్ళ నొప్పులకు వేడినీళ్ళు అవసరమే. నా ఊలు శాలువా కూడా నీకే. మన చిన్నప్పుడు ఒక్క దుప్పటిలో పడుకుంటే నువ్వు దాన్ని పూర్తిగా లాక్కునేదానివి. ఇప్పుడు లాక్కోవలసిన పని లేదు.

7. వందనకు: ఇల్లు. పూర్తి హక్కులతో, ఎవరికీ వాటా లేకుండా. అమ్ముకున్నా నీ ఇష్టం. ఉత్తరాల నకళ్ళు, ఓడ జాబితాలు, ఫొటోలు నీవే. నా బంగారు గొలుసు కూడా నీకే. పెళ్ళికని దాచనక్కరలేదు, రోజూ వేసుకో. నీకు పిల్లలు పుడితే, మన వంశం ఎక్కడ మొదలైందని అడిగితే, తొట్టి దగ్గర అని చెప్పు.

ఎల్సాకు: నా పెట్టెలో పసుపు అంచు దుప్పటి ఒకటి ఉంది. దవాఖానది, ముద్ర కూడా ఉంది. లస్మవ్వ ఉతికినది, ఇద్దరూ కలిసి పిండినది అయి ఉంటుంది. పోస్టులో పంపాలి. ఉతకకుండా పంపాలి.

అజీముద్దీన్ భార్య ఖాజాబీకి నా కుట్టుమిషను. నేను గీకిన నాలుగు ఆదివారాలూ మధ్యాహ్నం అన్నం ఆమె పంపింది. మా సంఘంలో నుంచి ఎవరూ నీళ్ళు కూడా తేలేదు.

సంఘానికి: ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి మీ సమాధులన్నిటికీ సున్నం వేశాను.

ఇందులో సాక్షులకు ఏమీ ఇవ్వకూడదట. అందుకని నాతో పనిచేసే కోమలకు నా గొడుగు ఈ రోజే చేతికిచ్చాను. “వానకాలం దాటినంక ఇస్తవా అక్కా గొడుగు?” అని నవ్వింది. వానలు మళ్ళీ వస్తాయి.

8. ఐదడుగుల దారి. నా మరణం తరువాత వచ్చే మొదటి ఈస్టర్‌లోపు ఈ మూడు పనులు జరిగితే ఆ దారి సాగర్ ట్రస్టుకు శాశ్వతంగా చెందుతుంది. అ) అమ్మగారి రాయి మీద సున్నం పూర్తిగా తీయాలి, మళ్ళీ వేయకూడదు. ఆ) గోడ కింద ఉన్న లస్మవ్వ ఎముకలు దొరికితే ఎముకలు, దొరకకుంటే ఆ మట్టి, తీసి ఎడమ పక్క జాగలో పెట్టాలి. ఇ) ఆమెకు రాయి పెట్టాలి. రాయి అజీముద్దీన్ దగ్గర సిద్ధంగా ఉంది. దాని మీద ‘లస్మవ్వ, బట్టలు ఉతికింది’ అని ఉంది. దత్తపుత్రిక అన్న మాట ఎక్కడా ఉండకూడదు.

జరగకపోతే దారి కూడా ఇంటితోపాటు వందనకే. ఆమె ఆ రోజే అడ్డంగా గోడ కట్టించాలి. ఇటుకలు పెరటిలో తెప్పించి ఉంచాను. సాగర్, నువ్వు కట్టేవి మెట్లో, నేను కట్టించేది గోడో, నువ్వే తేల్చుకోవాలి.

9. నా దేహం గురించి. దీనికి ముందు ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ప్రార్థనలో దేవునికి చెప్పాను. ఆయన బదులు చెప్పలేదు. అందుకని మనుషులకు చెబుతున్నాను.

1983 ఈస్టర్‌కు ముందు సోమవారం అమ్మగారి సమాధికి సున్నం వేసింది నేను. పదహారేళ్ళు. గురువారం అమ్మమ్మ చనిపోయింది. మా అవ్వ ముత్యం పెద్దల కాళ్ళ మీద పడింది. “మా అవ్వను అమ్మగారి పక్కన పెట్టుండ్రి. రాయి మీద రాపిచ్చింది. నాకు సదువు రాదు గని, చెక్కిన నాడు నా ముంగటనే సదివి ఇనిపిచ్చింది,” అన్నది. అప్పటి సంఘ పెద్ద సాంబయ్య, “ఏదీ, సూపియ్యి. సూపిస్తే పెడ్తం,” అన్నాడు. అవ్వ రాయి వైపు చెయ్యి చూపింది. తెల్లగా ఉంది. “దొరసాని సమాధి గీకుతరా, బట్టలుతికే ముసల్దాని కోసం? గదీ గుడ్ ఫ్రైడే ముంగట? జర సోయి ఉండాలె ముత్యం,” అన్నాడు. అందరూ తలలు ఊపారు. అమ్మమ్మను గోడ కింద పెట్టారు.

నాకు చదువు వచ్చు. ఆ సోమవారం రాయి అడుగున సున్నం వేస్తుంటే కుంచెకు అక్షరాల గుంతలు తగిలాయి. ‘లస్మ’ వరకు చదివాను. నాచు నల్లగా ఉందని అక్కడ మూడు చేతులు వేశాను. గురువారం అవ్వ నా పక్కనే నిలబడి ఏడుస్తుంటే నేను నోరు తెరవలేదు. నర్సు బడి హాస్టల్‌కు సాంబయ్య గారి సిఫారసు ఉత్తరం కావాలి. అది ఇంకా నా చేతికి రాలేదు. శనివారం వచ్చింది.

ఆ ఉత్తరంతోనే నేను చదివాను, ఉద్యోగం చేశాను, ఈ ఇల్లు కట్టాను, ఈ దారి వదిలాను. అవ్వ 2011లో పోయేదాకా, “రాయి మీద ఉన్నది బిడ్డా,” అంటూనే ఉంది. “ఉంటదిలే అవ్వా,” అనేదాన్ని. గీకడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. అది కూడా సాగర్ ఇంటిపేరు అడిగితే.

కాబట్టి సాగర్ గురించి పైన రాసిన దాంట్లో నేను ఏదీ కొట్టివేయను. వాడు రెండు చేతులు వేశాడు. నేను మూడు వేశాను.

నన్ను అమ్మగారి దగ్గర పెట్టవద్దు. లస్మవ్వను తీశాక గోడ కింద ఖాళీ అయ్యే జాగలో పెట్టండి. ఆమెను తీయకపోతే అక్కడే, ఆమె కాళ్ళ దిక్కు పెట్టండి. పెట్టె మామూలు చెక్కది చాలు. పాటలు రెండు చాలు. నా రాయి మీద పేరు, తేదీలు, కింద ఒక వరుస: ‘1983లో సున్నం వేసింది ఈమె.’

ఆ రాయికి సున్నం వేయవద్దు.

పై విషయాలన్నీ నేనే రాసి, రెండుసార్లు చదువుకొని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

లక్సెట్టిపేట,
3 నవంబరు 2025, సోమవారం

(సంతకం) ఆసంపెల్లి సుగుణ

సాక్షులు, మా కళ్ళ ముందు సంతకం చేసిందని:
1. (సంతకం) కోమల, ఏ.ఎన్.ఎం., లక్సెట్టిపేట
2. (వేలిముద్ర) లచ్చయ్య, సమాధుల తోట కాపలాదారు. చదివి వినిపించగా విని వేసినది.